నిచ్చెన వద్దు... దోటి ముద్దు!

మా అమ్మ మొదటిసారి కెనడా వచ్చిన వేసవిలో ఒకరోజు పొద్దున్నే నా వ్యాన్ వెనక తలుపు తీసి లోపలికి తొంగి చూసింది. గొట్టాల చుట్టలు, నీలం రంగు ఫిల్టరు డబ్బాలు, పైన అటకలా కట్టిన చోట నల్లటి పొడుగాటి గడలు. ఒక గడని చేత్తో తట్టి, దాని చివరనున్న బ్రష్షుని చూసి, "ఒరే, ఇది దోటి కదరా! మేం చిక్కం కడతాం, మీరు బ్రష్షు కట్టారు. అంతేగా?" అంది.

అంతే! ఈ పనిముట్టు గురించి ఇంతకంటే బాగా నాకెవరూ చెప్పలేదు. ఇక్కడ దీన్ని వాటర్-ఫెడ్ పోల్ అంటారు. గడ లోపలినుంచి సన్నటి గొట్టం వెళ్తుంది, చివర బ్రష్షు ఉంటుంది, బ్రష్షులోంచి శుద్ధమైన నీళ్ళు చిమ్ముతాయి. నేల మీద నిలబడి రెండో అంతస్తు కిటికీ అద్దం రుద్ది కడిగేయవచ్చు. సబ్బు లేదు, గుడ్డ లేదు, నిచ్చెన లేదు. కడిగి వదిలేస్తే మరక లేకుండా దానంతట అదే ఆరిపోతుంది.

దోటి అంటే తెలియని ఇక్కడి పిల్లల కోసం ఒక మాట. చెట్టెక్కకుండా మామిడికాయలు, ములక్కాడలు కోయడానికి మన ఊళ్ళలో వాడే పొడుగాటి వెదురు గడే దోటి. చివర కొక్కెం ఉంటుంది. కాయ కింద పడి పగిలిపోకుండా చిన్న తాడు వల కడతారు, అదే చిక్కం.

అసలు సంగతేమిటంటే, అమ్మ అలా తలుపు తీసేదాకా నా పనేమిటో ఆవిడకి తెలియదు. కాకినాడలో మెకానికల్ డిప్లొమా చేసి, 2003లో మిస్సిసాగాలో దిగినవాణ్ణి. మొదటి ఏడాది ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టులు, తర్వాత ఒకాయన దగ్గర కిటికీలు తుడిచే పని, ఆ తర్వాత సొంత వ్యాన్. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం "బిల్డింగ్ మెయింటెనెన్స్‌లో మేనేజర్‌ని" అని చెప్పేవాణ్ణి. అబద్ధం కాదు, నా బిల్డింగులకి నేనే మేనేజర్ని మరి! పదేళ్ళు దాచిన సంగతి అమ్మ ఒక్క మాటతో తేల్చేసింది. "చెట్టెక్కకుండా కాయ కోసేవాడు తెలివైనవాడురా. దీనికి సిగ్గెందుకు?" అంది.

చెట్టెక్కి పడిన సంగతి మాత్రం ఆవిడకి అప్పుడు కూడా చెప్పలేదు.

పదడుగుల ఎత్తు, మూడు నెలల మంచం

అది 2010 అక్టోబరు. రెండంతస్తుల ఇల్లు. వెనక పెరట్లో రాతి పలకల మీద తడిసిన మేపుల్ ఆకులు. ఆకులు ఊడ్చి నిచ్చెన వేసుకోవాలని నాకు తెలుసు. ఇంకా రెండే కిటికీలున్నాయి కదా అనుకున్నాను. నిచ్చెన కాలు జారింది. నేను పదడుగుల ఎత్తులోంచి పడ్డాను. మణికట్టు, మెడ కింద ఎముక రెండూ విరిగాయి. తప్పు నాదే, ఇంకెవరిదీ కాదు.

ఆసుపత్రి ఖర్చు హెల్త్ కార్డు చూసుకుంది. కానీ మూడు నెలలు పని లేదు. ఇంకొకరి దగ్గర పనిచేస్తే దెబ్బ తగిలినప్పుడు ఒంటారియోలో డబ్ల్యూఎస్ఐబీ ఆదుకుంటుంది. నాలాగా ఒంటరిగా సొంత పని చేసుకునేవాళ్ళకి ఆ రక్షణ దానంతటది రాదు, మనమే కోరి కట్టుకోవాలి. నేను కట్టలేదు. ఆ చలికాలం ఇల్లు మా ఆవిడ జీతం మీదే గడిచింది. ఆ మూడు నెలల్లో ఈ గడల గురించి దొరికినదల్లా చదివాను. మరుసటి ఏప్రిల్‌లో మొదటి గడ కొన్నాను.

మన పనికి ఒక చరిత్ర ఉంది, పిల్లలకి చెప్పదగ్గదే. ఇవాళ ప్రతి కారు అద్దం దగ్గరా కనిపించే స్క్వీజీని తేలిక ఇత్తడి పిడితో, ఒకే రబ్బరు అంచుతో తయారుచేసి 1936లో పేటెంటు తీసుకున్నది ఎటోరే స్టెకోనే. ఇటలీ నుంచి కాలిఫోర్నియాకి వలస వచ్చి కిటికీలు తుడిచిన మనిషి. మనలాగే పరాయి దేశంలో పని వెతుక్కున్నవాడు! ఇక గడల విషయానికొస్తే, బ్రిటన్‌లో 2005లో ఎత్తు మీద పనులకి కొత్త నిబంధనలు వచ్చాయి. వాటి సారాంశం ఒక్కటే. ఎక్కకుండా చేయగల పనైతే ఎక్కకండి. దాంతో అక్కడ గడల వాడకం బాగా పెరిగింది, తయారీదారులు పోటీలు పడి తేలికైన గడలు తెచ్చారు. మన దగ్గరకి వచ్చే మంచి గడల్లో చాలా వాటి పుట్టిల్లు అదే.

"మావయ్యా, కార్ట్‌లో పెట్టేశా"

మొన్న మార్చిలో హామిల్టన్‌లో చదువుకుంటున్న మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాడూ, వాడి స్నేహితుడూ కలిసి వేసవి సెలవుల్లో కిటికీలు కడిగే పని పెట్టుకుంటారట. ఫీజుకి చేతనైనంత సంపాదించాలని ఆశ.

"మావయ్యా, కార్ట్‌లో పెట్టేశా. 45 అడుగులు, ఫుల్ కార్బన్. డీల్ రేపటితో అయిపోతుంది."

"ఆ బటన్ నొక్కకు నాన్నా. ఆదివారం ఇంటికి రా."

వాడు వచ్చాడు. నా దగ్గరున్న పెద్ద గడని పెరట్లో పూర్తిగా సాగదీసి వాడి చేతికిచ్చాను. "పది నిమిషాలు ఆ మేపుల్ చెట్టు కొమ్మకేసి గురిపెట్టి ఉంచు" అన్నాను. మూడో నిమిషానికి చివర బ్రష్షు తాగినవాడిలా ఊగడం మొదలుపెట్టింది. ఐదో నిమిషానికి వాడి చేతులు వణికాయి. "ఇది రోజుకి ఆరు గంటలు పట్టుకోవాలి. ఇప్పుడు చెప్పు, 45 అడుగులు కావాలా?" అన్నాను. వాడు నవ్వి కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం కాఫీ తాగుతూ వాడికి చెప్పిన నాలుగు సంగతులే ఇక్కడ రాస్తున్నాను. వేసవి పని వెతుక్కునే పిల్లలకీ, సొంత పని పెట్టుకోవాలనుకునే పెద్దలకీ, ఇంటికి వచ్చే పనివాణ్ణి ఏమడగాలో తెలియని గృహస్థులకీ పనికొస్తాయని నా ఆశ.

మొదటి సంగతి: గడ కంటే ముందు నీళ్ళు

అందరూ గడ దగ్గర మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది కొళాయి దగ్గర. కొళాయి నీళ్ళతో అద్దం కడిగి వదిలేస్తే తెల్లటి చుక్కలు ఎందుకు పడతాయి? నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లాంటి లవణాల వల్ల. నీరు ఆవిరైపోతుంది, లవణం అద్దం మీద మిగిలిపోతుంది. మన ఊళ్ళో బోరు నీళ్ళు కాచిన గిన్నెలో తెల్లటి పొలుసు కట్టేది చూడండి, అదే ఇది.

ఈ లవణాలని కొలవడానికి టీడీఎస్ మీటరు అని పెన్ను లాంటి చిన్న సాధనం ఉంటుంది. కొన్ని పదుల డాలర్ల లోపే దొరుకుతుంది. అది పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో ఎన్ని పాళ్ళు, అన్న లెక్క చూపిస్తుంది. మా ఇంటి కొళాయిలో పెడితే రెండొందలకి కాస్త అటూ ఇటూ చూపిస్తుంది. మాకొచ్చేవి ఒంటారియో సరస్సు నీళ్ళు. రెండొందలంటే లీటరుకి 200 మిల్లీగ్రాములు. ఒక ఇంటికి వంద లీటర్లు వాడితే 20 గ్రాముల పొడి, దాదాపు నాలుగు టీ చెంచాలు! అందులో ఎక్కువ భాగం నీళ్ళతోపాటే కిందికి జారిపోయినా, మిగిలిన కాస్తా చాలు మన పేరు చెడగొట్టడానికి. కడిగే నీళ్ళు సున్నా దగ్గర ఉండాలి. పది దాటితే నేను పని ఆపేస్తాను.

ఈ దేశంలో నీళ్ళు ఊరూరికీ మారతాయి. వాంకూవర్‌కి కొండల మీది వాన, మంచు కరిగిన నీళ్ళు రిజర్వాయర్లలోంచి వస్తాయి కాబట్టి చాలా మెత్తటి నీళ్ళు. కాల్గరీకి రాకీ పర్వతాల నుంచి దిగే బో, ఎల్బో నదుల నీళ్ళు, అవి కఠినం. గ్వెల్ఫ్, కిచెనర్-వాటర్లూ ప్రాంతం ఎక్కువగా భూగర్భ జలం మీద ఆధారపడింది కాబట్టి ఇంకా కఠినం. అందుకని వాంకూవర్‌లో ఉండే మీ బావగారు వాడే ఫిల్టరే గ్వెల్ఫ్‌లో మీరూ కొంటే మోసపోతారు.

శుద్ధి చేయడానికి రెండు దారులున్నాయి. ఒకటి డీఐ రెసిన్. ఆవగింజల కంటే చిన్న పూసలు నింపిన డబ్బాలోంచి నీళ్ళు పంపితే, ఆ పూసలు లవణాల అయాన్లని పట్టుకుని, వాటి బదులు నీటినే తయారుచేసే అయాన్లని వదులుతాయి. వాడకం తేలిక, కరెంటు అక్కర్లేదు. కానీ నీళ్ళు కఠినమైనకొద్దీ రెసిన్ త్వరగా అయిపోతుంది, మళ్ళీ మళ్ళీ కొనాలి. రెండోది ఆర్‌ఓ. మన ఊళ్ళలో ఇళ్ళలో ఉండే ఆర్‌ఓకి అన్నయ్య లాంటిది. ఒత్తిడితో సన్నటి పొరలోంచి నీళ్ళని పంపి లవణాల్లో చాలా భాగం వేరు చేస్తుంది. కొంత నీరు వృథాగా బయటికి పోతుంది. కొళాయి నీళ్ళలో క్లోరిన్ ఆ పొరని పాడుచేస్తుంది కాబట్టి ముందు కార్బన్ ఫిల్టరు తప్పనిసరి. నీళ్ళు చల్లగా ఉన్నకొద్దీ ఆర్‌ఓ నెమ్మదిస్తుంది. ఏప్రిల్‌లో ఇక్కడి కొళాయి నీళ్ళెంత చల్లగా ఉంటాయో మీకు తెలుసు కదా!

నా లెక్క ఇది. నీళ్ళు మెత్తగా ఉండే ఊళ్ళో, లేదా వారానికి నాలుగైదు ఇళ్ళే చేసేవాళ్ళకి డీఐ డబ్బా ఒక్కటి చాలు. కఠిన జలం ఉన్నచోట రోజూ పనిచేసేవాళ్ళకి ముందు ఆర్‌ఓ, దాని వెనక డీఐ.

ఒక సాధారణ పొరపాటు ఉంది. "మా ఇంట్లో వాటర్ సాఫ్ట్‌నర్ ఉంది కదా, ఆ నీళ్ళే చాలు" అంటారు. చాలవు. సాఫ్ట్‌నర్ కాల్షియాన్ని తీసి దాని చోట సోడియం పెడుతుంది. సబ్బు బాగా నురగొస్తుంది కానీ కరిగిన లవణం ఉండనే ఉంటుంది, అద్దం మీద చుక్క పడనే పడుతుంది. మీటరు పెట్టి చూడండి, అంకె తగ్గదు.

రెండో సంగతి: ఎంత పొడుగు?

అవసరమైనంతే. అంతకు మించి ఒక్క అడుగు కూడా వద్దు.

మనం ఉండే మామూలు రెండంతస్తుల ఇళ్ళలో పై కిటికీ పైఅంచు నేల నుంచి సుమారు 18-20 అడుగులు. గడ నిలువుగా పట్టుకోం, ఏటవాలుగా పట్టుకుంటాం కాబట్టి కాస్త అదనం కావాలి. మన భుజం ఎత్తు కొంత కలిసొస్తుంది. అంచేత 25 అడుగుల గడతో రెండంతస్తుల ఇల్లు హాయిగా అయిపోతుంది. ఒక్క చిక్కు వాక్-అవుట్ బేస్‌మెంట్ ఇళ్ళతో. ముందు నుంచి చూస్తే రెండంతస్తులు, వెనక్కి వెళ్ళి చూస్తే మూడు! అలాంటి వాటికి 30-35 అడుగులు పట్టుకెళ్ళాలి. ధర చెప్పే ముందు ఇంటి వెనక్కి నడిచి చూడమని మావాడికి అందుకే చెప్పాను. ఇంకో మాట. కంపెనీలు రాసే అంకె కొన్నిచోట్ల గడ పొడుగు, కొన్నిచోట్ల మనిషి ఎత్తుతో కలిపి అందే ఎత్తు. ఏదో అడిగి తెలుసుకోండి.

పొడుగు ఎక్కువైతే నష్టమేమిటి? ఒకే మందం ఉన్న గడ పొడుగు రెట్టింపైతే, చివర అదే బరువుకి వంపు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. డిప్లొమాలో చదివిన ఈ సూత్రం నాకు బతుకులో అక్కరకొచ్చింది ఇక్కడే. గడ వంగితే బ్రష్షు అద్దానికి ఆనదు. ఆనించాలని మనం నెట్టిన కొద్దీ భుజం అరుగుతుంది. ఈ వృత్తిలో నిచ్చెన పోయాక మిగిలిన ప్రమాదం భుజాలకీ మెడకీనే. అందుకే కొన్నప్పుడు అట్టడుగు పెద్ద ముక్కని విడదీయగలిగే గడ తీసుకోండి. కింది అంతస్తు చేసేటప్పుడు ఆ ముక్క తీసేస్తే బరువు సగానికి సగం తగ్గినట్టుంటుంది.

గడ సాగదీసేటప్పుడు పైనున్న సన్నటి ముక్క ముందు లాగాలి, తర్వాత దాని కిందిది. అప్పుడే బిగింపులు చేతికి అందే ఎత్తులో ఉంటాయి.

మూడో సంగతి: గడ దేనితో చేసింది? తీగలెక్కడున్నాయి?

అల్యూమినియం గడ చవక, గట్టిది. కానీ పొడుగు పెరిగితే బరువు, కరెంటు దూసుకుపోతుంది. గ్లాస్ ఫైబర్ కూడా చవకే. కాని బరువు, ఊగుడు ఎక్కువ. ఇరవై అడుగులు దాటితే మన పాత వెదురు దోటే నయమనిపిస్తుంది. కార్బన్ ఫైబర్ తేలిక, బిర్రుగా ఉంటుంది. ధర మాత్రం వెయ్యి డాలర్లు దాటగలదు. గ్లాసూ కార్బనూ కలిపి చేసినది హైబ్రిడ్. ధరలోనూ బరువులోనూ మధ్యస్థం. హై-మాడ్యులస్ కార్బన్ అని ఇంకా ఖరీదైన రకం ఉంది. చాలా బిర్రు, కానీ పెళుసు. వ్యాన్ తలుపులో ఇరుక్కుంటే పగులుతుంది. నాలుగైదు అంతస్తుల పని రోజూ ఉన్నవాళ్ళకి తప్ప అక్కర్లేదు.

వారాంతాల్లో మీ ఇల్లూ, ఇరుగుపొరుగు ఇళ్ళూ చేసుకోవాలంటే గ్లాస్ ఫైబర్ సరిపోతుంది. రోజంతా పని అయితే కార్బన్ కొనండి. భుజాన్ని మళ్ళీ కొనలేం కదా.

ఇక ఈ వ్యాసంలో మిగతాదంతా మరిచిపోయినా ఇది మాత్రం మరిచిపోకండి. కార్బన్ ఫైబర్ కరెంటుని పారనిస్తుంది. "లోహం కాదు కదా, ప్లాస్టిక్కే కదా" అనుకోవడం ప్రాణాంతకమైన అపోహ. గ్లాస్ ఫైబర్ తనంతట తను కరెంటు పారనివ్వదు, కాని తడిసి మురికి పట్టిన గడని నమ్మడానికి లేదు. మా మేనల్లుడు తెలివిగా, "మావయ్యా, ప్యూర్ వాటర్ కరెంటుని సరిగా పారనివ్వదు కదా?" అన్నాడు. నిజమే, పుస్తకంలో ఉంది. కానీ ఆ నీళ్ళు బ్రష్షుకీ, గోడ మీది మట్టికీ తగలగానే శుద్ధ జలం కాకుండా పోతాయి.

ఒంటారియోలో నిర్మాణ పనుల నిబంధనల ప్రకారం 750 వోల్టుల నుంచి 1,50,000 వోల్టుల దాకా ఉన్న తీగలకి మనిషీ, పనిముట్టూ కనీసం 3 మీటర్ల దూరంలో ఉండాలి. ఇళ్ళ దగ్గర కూడా మేం అదే పాటిస్తాం. స్తంభం నుంచి ఇంటికి వచ్చే హైడ్రో తీగ మీద నల్లటి తొడుగు ఉంది కదా అని దాన్ని నమ్ముకుని దగ్గరికి పోకూడదు. గడ చేతిలోకి తీసుకునే ముందు తల ఎత్తి ఇంటి చుట్టూ ఒక ప్రదక్షిణ చేయాలి. గుళ్ళో చేసినంత భక్తితో చేయాలి. పడిపోతున్న గడ ఎంత దూరం వెళ్ళి పడుతుందో కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నాలుగో సంగతి: తల, మెడ, కీళ్ళు

గడ చివర బ్రష్షు తల, దాన్ని వంచి పెట్టే భాగం మెడ. మెడ కోణం మార్చుకోగలిగేదై ఉండాలి. లేకపోతే కిటికీ గట్టు దాటి అద్దానికి బ్రష్షు ఆనదు. కొంగమెడలా వంగిన ముక్క ఒకటి విడిగా అమ్ముతారు, లోపలికి కూర్చున్న కిటికీలకి అది దేవుడిచ్చిన వరం. బ్రష్షు వెడల్పు 10-14 అంగుళాలు చాలు. వెడల్పు పెరిగితే చివర బరువు పెరుగుతుంది, చివర బరువే చేతికి ఎక్కువ తెలుస్తుంది. నైలాన్ కుచ్చు తేలిక. పంది వెంట్రుకల కుచ్చు మురికిని బాగా పడుతుంది కాని బరువు. మొండి మురికి లేని ఇళ్ళకి నైలాన్ చాలు.

గడ ముక్కలని బిగించే క్లాంపులు దాని కీళ్ళు. పాడయ్యేవీ అవే. కొనే ముందు దుకాణంవాణ్ణి మూడు ప్రశ్నలడగండి. క్లాంపు విరిగితే విడిగా దొరుకుతుందా? ఒక్క ముక్క పగిలితే ఆ ముక్క మాత్రమే ఇస్తారా? ఆ సామాను కెనడాలోనే ఉందా, సముద్రం దాటి రావాలా? జూన్‌లో గడ విరిగి, విడిభాగం జూలైలో వస్తే, మన వేసవి మొత్తం ఎన్నాళ్ళు చెప్పండి! అంతర్జాలంలో "సేల్" చూసి బ్రిటన్ నుంచి తెప్పిస్తే రవాణా, కస్టమ్స్ కలిసి ఆ చవక కాస్తా ఆవిరవుతుంది.

దోటికి అందని కాయలు

ఈ గడ అన్నిటికీ మందు కాదు. పక్కకి జరిపే కిటికీలకి ఇక్కడ దోమతెర బయటి వైపు ఉంటుంది. తెర తీయకుండా గడతో అద్దం కడగలేం. మర తిప్పి తెరిచే కిటికీలకి తెర లోపలి వైపు ఉంటుంది కాబట్టి బాధ లేదు. అద్దం లోపలి వైపు ఎలాగూ స్క్వీజీతోనే. ఎన్నో ఏళ్ళుగా కడగని కిటికీకి మొదటిసారి గడ వాడితే ఫ్రేము సందుల్లోంచి మురికి కారుతూనే ఉంటుంది, మొదటి విడత చేత్తో చేసుకోవాలి. ఎప్పుడు కడిగినా ముందు పై ఫ్రేము కడిగి, తర్వాత అద్దం, చివర పైనుంచి కిందికి ఒక్కసారి నీళ్ళు వదలాలి. రెండు అద్దాల మధ్య మసక చేరితే అది సీలు పోయిన సంకేతం, ఏ గడా దాన్ని తుడవలేదు. కాండోల ముప్పై అంతస్తులు అసలు మన లెక్కలోవి కావు. అక్కడ తాళ్ళు, యాంకర్లు, శిక్షణ కావాలి. ఒంటారియోలో కిటికీలు శుభ్రం చేసే పనికే 859 నంబరుతో ప్రత్యేక నిబంధన ఉంది. చదవకుండా ఎవరూ అటు పోవద్దు.

నవంబరులో నీళ్ళు గడ్డకట్టే రోజులు రాగానే గొట్టాలు ఖాళీ చేసి, ఫిల్టర్లని గరాజులో వదలకుండా ఇంట్లో వెచ్చగా పెట్టుకోండి. గడ్డకడితే ఆర్‌ఓ పొర, డబ్బాలు రెండూ పగులుతాయి. మా ఇంట్లో అవి బేస్‌మెంట్‌లో, ఆవకాయ జాడీల పక్కన ఉంటాయి.

అమ్మమ్మ అడిగిన ప్రశ్న

మావాడు 45 అడుగుల గడ కార్ట్‌లోంచి తీసేశాడు. 25 అడుగుల కార్బన్ గడ, దానికి అవసరమైతే కింద తగిలించే ఒక ముక్క, డీఐ డబ్బా, మీటరు కొన్నాడు. మిగిలిన డబ్బుతో ప్రమాద బీమా కట్టించాను.

జూన్ నెలాఖరున ఒక సాయంత్రం ఫోన్ చేశాడు. బ్రాంప్టన్‌లో ఒక పెద్ద ఇల్లు, వెనక రెండు కిటికీల ముందు నుంచి హైడ్రో తీగలు వెళ్తున్నాయట. కొలిస్తే దూరం మూడు మీటర్లు లేదు. "ఆ రెండూ చేయలేం" అన్నాడట. ఇంటావిడ రెట్టింపు ఇస్తానందట. తర్వాత కోప్పడి, మొత్తం పని రద్దు చేసి పంపించేసిందట.

"మంచి జాబ్ పోయింది మావయ్యా. వదిలేసి వచ్చేశాం."

నాకు ఒక్క క్షణం మాట రాలేదు. 2010 అక్టోబరులో "ఇంకా రెండే కిటికీలు కదా" అనుకున్న మనిషిని నేను. వీడు ఇరవై ఏళ్ళకే ఆ రెండు కిటికీలని వదిలిపెట్టి వచ్చాడు.

"పోతే పోయింది నాన్నా. గడ దింపడం నేర్చుకున్నావు. నీకింక నేను చెప్పాల్సింది లేదు" అన్నాను.

ఆ ఆదివారం కాకినాడకి వీడియో కాల్ చేసినప్పుడు నా పదడుగుల కథ కూడా అమ్మకి చెప్పేశాను. కాసేపు తిట్టింది. తర్వాత మనవణ్ణి పిలిచి, "ఏరా, దోటి పట్టుకునే ముందు పైకి చూస్తున్నావా?" అని అడిగింది. "చూస్తున్నా అమ్మమ్మా" అన్నాడు వాడు.

ఈమధ్య ఆవిడ మా వీధిలో అందరికీ గర్వంగా చెప్తోందట, మావాళ్ళకి కెనడాలో దోటి వ్యాపారం అని!

పిల్లల కోసం రెండు చిన్న ప్రయోగాలు

చుక్కల పరీక్ష: మందుల షాపులో డిస్టిల్డ్ వాటర్ దొరుకుతుంది. ఒక నల్లటి పళ్ళెం మీద ఒక పక్క కొళాయి నీటి చుక్క, రెండో పక్క డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న ఏ చుక్క చోట తెల్లటి మరక ఉందో చూడండి. వేరే ఊళ్ళో ఉన్న మీ కజిన్స్‌ని కూడా చేయమనండి. ఎవరి మరక పెద్దదో వాళ్ళ ఊరి నీళ్ళే కఠినం!

స్కేలు పరీక్ష: ప్లాస్టిక్ స్కేలుని బల్ల అంచున 10 సెంటీమీటర్లు బయటికి పెట్టి, రెండో చివర చేత్తో గట్టిగా అదిమి పట్టుకోండి. బయటి చివర ఒక టూనీ పెట్టి ఎంత వంగిందో చూడండి. ఇప్పుడు 20 సెంటీమీటర్లు బయటికి జరిపి మళ్ళీ అదే నాణెం పెట్టండి. వంపు ఎన్ని రెట్లయింది? మావయ్య 45 అడుగుల గడ ఎందుకు వద్దన్నాడో మీకే తెలుస్తుంది.